కాండిన్‌స్కీ ప్రింటు పటం కట్టించి కొనాలనుకుంటున్నాం: "మ్యూజియం క్వాలిటీ" అని రాస్తే నమ్మవచ్చా?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మేము ఈ మధ్యే లాసన్స్ బే కాలనీలో కొత్త ఫ్లాటులోకి మారాం. హాల్లో సోఫా వెనక గోడ తొమ్మిదడుగుల వెడల్పున ఖాళీగా ఉంది. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు లోపలి గదుల్లో సర్దుకున్నాం. ఈ గోడ మీద మాత్రం నాకు నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రమే కావాలి.

అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన 'కంపోజిషన్ 8' చూశాను. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఉద్యోగమంతా బోర్డు మీద గీసిన వృత్తాలు, త్రిభుజాలు, కోణాలు అక్కడ వేరే పని మీద ఉన్నట్టు, ఒకదాన్ని ఒకటి పలకరించుకుంటున్నట్టు కనిపించాయి. అల్లుడు రెండుసార్లు వచ్చి పిలిచేదాకా ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే తల తిరుగుతోంది. ఒకచోట కాండిన్‌స్కీదే 'చతురస్రాలు, ఏకకేంద్ర వృత్తాలు' బొమ్మ, అయిదడుగుల కాన్వాస్ మీద, రూ.16,500. "మ్యూజియం క్వాలిటీ" అని రాసి, పైన చేత్తో కుంచె గీతలు కూడా వేసి ఇస్తామంటున్నారు. ఇంకోచోట 'కంపోజిషన్ 8', కాగితం మీద, 24×36 అంగుళాలు, నల్ల చట్రంతో రూ.9,800. "ఆర్కైవల్ పేపర్" అన్నారు తప్ప ఏ కాగితమో చెప్పలేదు. మావారికి మన దేశపు చిత్రకారుడు రజా వేసిన 'బిందు' ఇష్టం. అది రూ.4,000కే కాన్వాస్ మీద దొరుకుతోంది. అంత తక్కువకు ఎలా ఇస్తున్నారో అర్థం కాలేదు. అసలు అలా అచ్చు వేసి అమ్మడం న్యాయమేనా అన్నది ఇంకో సందేహం.

కాన్వాస్ మంచిదా, కాగితమా? అద్దం పెట్టించాలా, యాక్రిలిక్ షీటా? మాది సముద్రం పక్కనే కాబట్టి చెమ్మ ఎక్కువ. ఇనుప తలుపు గొళ్ళాలే ఏడాదికి తుప్పు పడతాయి. ఇక కాగితం మాట చెప్పనక్కర్లేదు. ఈ పని తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

---

ఇజార్ ఒడ్డు (మ్యూనిక్)

నేను మ్యూనిక్‌లో ఉంటున్నానండి. మీరు చెప్పిన చతురస్రాల బొమ్మ ఇక్కడి లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలోది, 1913 నాటిది. డబ్బు కట్టే ముందు దాని అసలు కొలత తెలుసుకోండి. ఎత్తు దాదాపు 24 సెంటీమీటర్లు, వెడల్పు 32 సెంటీమీటర్లలోపు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. ఆ చిన్న కాగితంలో పన్నెండు గళ్ళు ఉంటాయి. ఒక్కో గడి అరచేతిలో ఇమిడిపోతుంది. అది గోడకు వేలాడదీయాలని వేసిన పెద్ద చిత్రం కాదు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే కంటికి ఏమవుతుందో చూసుకోవడానికి కాండిన్‌స్కీ నీటిరంగులతో, క్రేయాన్‌తో చేసుకున్న అభ్యాసం.

దాన్ని అయిదడుగులకు పెంచితే దాదాపు అయిదు రెట్లవుతుంది. అసలులో వెంట్రుకంత సన్నగా ఉన్న తడి అంచు వేలెడు మచ్చలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ బొమ్మ మనదాకా వచ్చిందంటే గాబ్రియెలె మ్యూంటర్ వల్లే. ఆవిడ స్వయంగా చిత్రకారిణి, కాండిన్‌స్కీతో చాలా ఏళ్ళు కలిసి బతికిన మనిషి. ఆధునిక చిత్రాలను నాజీలు వెంటాడిన కాలంలో ముర్నావ్ ఊళ్ళోని తన ఇంటి నేలమాళిగలో వీటిని దాచిపెట్టి, తన 80వ పుట్టినరోజు సందర్భంగా 1957లో ఈ మ్యూజియానికి ఇచ్చేశారు. కాగితం మీది పనులను వెలుతురుకు భయపడి ఎల్లకాలం గోడ మీదే ఉంచరు. ఎవరైనా మ్యూనిక్ వస్తే ముందే కనుక్కుని వెళ్ళండి.

---

పటాలబడి (హైదరాబాద్)

టీచరుగారూ, మా నాన్నగారు కోఠీలో దేవుడి పటాలు కట్టేవారు. నేను ఆ బల్ల దగ్గరే పెరిగాను. ఇప్పుడు చిత్రకారులకు ప్రింట్లు వేసి, పటాలు కట్టి ఇవ్వడం నా పని. అందుకే కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"మ్యూజియం క్వాలిటీ" అన్న మాటకు చట్టంలో గానీ మా వృత్తిలో గానీ ఒక ప్రమాణమంటూ లేదు. ఎవరు దేని మీద రాసుకున్నా అడిగేవారు లేరు. "ఆర్కైవల్" (ఏళ్ళ తరబడి నిలిచేది), "జిక్లే" (ఇంకుజెట్ ప్రింటుకు పెట్టిన గొప్ప పేరు) అన్నవీ అంతే. కాబట్టి బిరుదులు వదిలేసి వస్తువుల పేర్లు అడగండి. ఏ కాగితం, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు? ఏ ఇంకు? బొమ్మ ఫైలు ఎక్కడిది, ఎన్ని పిక్సెళ్ళు? మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట, దేనితో చేసింది? పని తెలిసినవాడు "హానెమ్యూలె ఫోటో రాగ్, 308 గ్రాములు, పిగ్మెంట్ ఇంకు" అని అడిగీ అడగకముందే చెబుతాడు. "మంచి ఇంపోర్టెడ్ పేపర్ అండీ" అన్నవాడి దగ్గర ఆగకండి.

అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది బొమ్మ. ప్రతి నైరూప్య చిత్రమూ ప్రింటుకు లొంగదు. నా మట్టుకు నేను బొమ్మ ఒళ్ళు చూస్తాను. రంగు పలచగా, అంచు స్పష్టంగా ఉందా? లేక రంగే దళసరిగా లేచి, ఆ ఎత్తుపల్లాల్లోనే బొమ్మ ఉందా? జాక్సన్ పొలాక్ 'వన్: నంబర్ 31, 1950' న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఉంది. ఎత్తు తొమ్మిదడుగులకు కాస్త తక్కువ, వెడల్పు పదిహేడడుగుల పైన. దాని ముందు నిలబడితే రంగుల చిందులు మనిషిని చుట్టుముట్టాలి. దాన్ని మూడడుగులకు కుదిస్తే చిక్కుపడ్డ దారాలు మిగులుతాయి. ఈవ్ క్లైన్ నీలం మరీ కష్టం. అల్ట్రామెరైన్ పొడికి ఉన్న పొడితనం చావకుండా ఒక కృత్రిమ జిగురులో కలిపి వేశాడు ఆయన. ఆ లోతు ఏ ఇంకుకూ రాదు, నీలి కాగితంలా కనిపిస్తుంది. రోత్కో చిత్రాల్లో పలచటి పొర మీద పొర వేసిన రంగు లోపలి నుంచి వెలుగుతుంది. ప్రింటు వేస్తే రెండు రంగు దిమ్మలుగా మిగులుతుంది. ఎవరైనా ఈ ముగ్గురి ప్రింట్లు అడిగితే నేను వద్దనే చెబుతాను.

మీరు కోరుకున్న 'కంపోజిషన్ 8' అలాంటిది కాదు. కాండిన్‌స్కీ జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే కళల బడిలో పాఠం చెబుతున్న రోజుల్లో, 1923లో వేసింది. నూనెరంగే అయినా పలచటి పూత; గీతలు స్కేలు పెట్టి, వృత్తాలు కంపాసు పెట్టి గీసినంత కచ్చితంగా ఉంటాయి. కాగితం మీద అది నిలబడుతుంది. మంచి బొమ్మే ఎంచుకున్నారు.

ఇప్పుడు మీ 24×36 సంగతి. మీకు లెక్కలు చెప్పనక్కర్లేదు. అసలు చిత్రం 140 సెంటీమీటర్ల ఎత్తు, 201 సెంటీమీటర్ల వెడల్పు. వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.43. 36ని 24తో భాగిస్తే 1.5. రెండూ కలవడం లేదు కదా. 36 అంగుళాల వెడల్పుకు ఎత్తు 25 అంగుళాల పైచిలుకు రావాలి. 24 దగ్గర ఆపేశారంటే అంగుళానికి పైగా బొమ్మను కోసేశారు. లేదా అడ్డంగా సాగదీశారు. సాగదీస్తే కాండిన్‌స్కీ వృత్తాలన్నీ మీరు టెన్త్ తర్వాత పిల్లలు చదువుకుంటారని వదిలేసే దీర్ఘవృత్తాలైపోతాయి. ఆ చిత్రంలో ఎడమ పై మూలన గులాబీ కాంతి చుట్టుకున్న పెద్ద నల్లటి వృత్తం ఉంది చూశారా, బొమ్మ బరువంతా అక్కడి నుంచి దిగుతుంది. దానికీ అంచుకూ మధ్య ఉన్న ఖాళీని అంగుళం కత్తిరిస్తే ఆ తూకం చెడుతుంది. రెడీమేడ్ చట్రం కొలతకు బొమ్మను కోసే దుకాణం మీద నాకు గౌరవం లేదు.

కాన్వాస్ ప్రింటులో ఇదే తంటా ఇంకోలా వస్తుంది. చెక్కకు చుట్టి బిగించేటప్పుడు నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళం మేర బొమ్మ పక్కలకు మడత పడిపోతుంది. ముందు నుంచి చూస్తే ఆ మేరకు బొమ్మ తగ్గినట్టే. ఇక ప్రింటు మీద పారదర్శకమైన జెల్‌తో కుంచె గీతలు వేయడం నాకు అస్సలు నచ్చదు. కాండిన్‌స్కీ చెయ్యి ఎటు కదిలిందో ఆ జెల్ పూసే కుర్రాడికి తెలియదు. బొమ్మలో గీత ఒకవైపు పోతుంటే పైన మెరుపు ఇంకోవైపు పోతుంది. పైగా మీ అయిదడుగుల బొమ్మ అసలు కాగితం మీది నీటిరంగుల పని అని మ్యూనిక్ మిత్రులు చెప్పనే చెప్పారు. దాని మీద నూనెరంగుల కుంచె గీతలకు చోటెక్కడిది?

కాగితం ఎలా పరీక్షించాలో చెబుతాను. చిన్న ముక్క నమూనా పంపమనండి, మంచివాళ్ళు పంపుతారు. కిరాణా కొట్టులో నకిలీ నోట్లు చూసే ఊదారంగు లైటు ఉంటుంది కదా, ఆ నమూనాను దాని కింద పెట్టండి. కాగితం నీలి తెలుపుతో భగ్గున మెరిసిందంటే అందులో తెల్లదనం కోసం రసాయనం కలిపారు. ఆ మెరుపు కొన్నేళ్ళకు చచ్చిపోయి కాగితం పసుపు తిరుగుతుంది. కంపోజిషన్ 8 నేపథ్యమంతా లేత మీగడ రంగు, మూలల్లో లేత నీలం. కాగితం రంగు మారితే ముందు దెబ్బతినేది అదే. మంచి కాటన్ కాగితం ఆ లైటు కింద మెరవకుండా ఉంటుంది.

తరువాత భూతద్దం పెట్టి లేత గులాబీ భాగం చూడండి. నాలుగు రంగుల చుక్కలు వరుసగా, పువ్వుల్లా పేర్చినట్టు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చయిన పోస్టరు. క్యాలెండరు ఎలా అచ్చవుతుందో అలాగే. పోస్టరు కొనడం తప్పేమీ కాదు, పోస్టరు ధరకు కొంటే. పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగుపొడి కలిపిన ఇంకు, వాడిన ఇంకుజెట్ ప్రింటులో చుక్కలకు వరుస ఉండదు. సన్నటి తుంపరలా పడి ఉంటాయి. పెద్ద యంత్రాల్లో పది, పన్నెండు రకాల ఇంకులు వాడతారు. నారింజ, ఊదా లాంటివి విడిగా ఉంటే కాండిన్‌స్కీ రంగులు నీరసపడకుండా వస్తాయి. రంగు కరిగి ఉండే డై ఇంకులు మొదటి రోజున ఇంకా మెరుస్తాయి, కానీ వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి.

ఫైలు గురించి ఒక్క మాట. గూగుల్‌లో దొరికిన బొమ్మలు పది తెరిచి చూడండి, పది రంగుల్లో ఉంటాయి. మ్యూజియం వారి ఫోటో నుంచి వేయాలి. 36 అంగుళాల వెడల్పుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 10,800 పిక్సెళ్ళు కావాలి. సోఫా దూరం నుంచి చూసే బొమ్మకు 200 చొప్పున ఉన్నా సరిపోతుంది. అంతకంటే బాగా తక్కువైతే సన్న గీతలు మసకబారతాయి, ఈ చిత్రంలో ఉన్నవే సన్న గీతలు.

పటం కట్టడం దగ్గర నేను ఎవరితోనూ రాజీ పడను. మామూలు దుకాణాల్లో ప్రింటును అద్దానికి ఆనించి, వెనక హార్డ్‌బోర్డు పెట్టి, మేకులు కొట్టి, గోధుమరంగు టేపు చుట్టేస్తారు. సముద్రం పక్కన ఇది పనికిరాదు. చెమ్మకు కాగితం అద్దానికి అంటుకుంటే మళ్ళీ ఊడదు. హార్డ్‌బోర్డులోని ఆమ్లం కాగితంలోకి దిగి మచ్చలు కడుతుంది. ప్రింటుకూ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు ఉండాలి, అది ఆమ్లం లేని కాటన్ బోర్డు అయి ఉండాలి. మౌంటు కిటికీని ఏటవాలుగా కోస్తారు కదా, ఆ కోతలో లోపలి గుజ్జు కనిపిస్తుంది. పాత పటాల్లో అక్కడ గోధుమరంగు గీత చూసే ఉంటారు. ఆ గీత దాని కిందున్న బొమ్మ మీద కూడా పడుతుంది. మంచి బోర్డుకు ఆ కోత తెల్లగానే ఉంటుంది.

ప్రింటును బోర్డుకు నాలుగు వైపులా అంటించకూడదు. పైన రెండుచోట్ల మాత్రం జపాన్ కాగితపు పట్టీలతో, గోధుమపిండి జిగురుతో వేలాడదీయాలి. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. సాగడానికి దానికి చోటు ఉండాలి. నాలుగు పక్కలా బిగిస్తే అలలు తేలుతుంది. వెనక ఆమ్లం లేని ఫోమ్ బోర్డు పెట్టి, చట్రం వెనక్కి కాగితం అంటించి మూసేస్తే సిల్వర్ ఫిష్ దూరదు. కింది రెండు మూలల్లో రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, బూజు పట్టదు. చట్రానికి సింథటిక్ బీడింగు చెడ్డది కాదు, చెదలు పట్టవు. కానీ పెద్ద పటానికి అది వంగుతుంది, టేకు బద్దలైతే నిలుస్తుంది. కొక్కేలు, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి.

వెలుతురు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక భోజనశాల కోసం రోత్కో వేసిన పెద్ద చిత్రాలను 1964లో గోడలకు ఎక్కించారు. పెద్ద కిటికీల గది. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు ఎండకు నిలవలేదు. ముదురు ఎరుపులు వెలిసి నీలంగా మారాయి, 1979లో వాటిని దించేశారు. 2014లో ప్రదర్శించినప్పుడు వాటి మీద ప్రొజెక్టరుతో రంగు వెలుగు వేసి, పోయిన రంగును కంటికి చూపించారు. రోత్కో అసలు చిత్రానికే అంత జరిగింది, మన ప్రింటు ఎంత. మీ గోడ మీద ఎండ నేరుగా పడుతుందా, ఏ పూట పడుతుంది, చెప్పండి.

మీరు కొనబోయే దుకాణం వారిని పటం ముందు వైపు ఫోటో కాదు, వెనక వైపు ఫోటో పంపమనండి.

---

కృష్ణాతీరం (విజయవాడ, న్యాయవాది)

రజా ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి చట్టం వరకు నేను చెబుతాను.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. మొదట ఇది 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో మరణించారు. ఆయన రచనల హక్కులు ముగిసిపోయే సమయంలో ఈ గడువును మరో పదేళ్ళు పెంచారు, 1992లో సవరణ వచ్చింది. దాని నీడ ఇప్పుడు ప్రతి చిత్రకారుడి మీదా పడుతోంది.

కాండిన్‌స్కీ, డచ్ నైరూప్య చిత్రకారుడు మోండ్రియాన్ ఇద్దరూ 1944లో పోయారు. కాబట్టి 2004తో ఇక్కడ వారి హక్కులు ముగిశాయి. పాల్ క్లే 1940లో, పొలాక్ 1956లో పోయారు, వాటికీ గడువు తీరింది. రోత్కో 1970లో మరణించారు, 2030 చివరిదాకా హక్కులున్నాయి. మన దేశపు నైరూప్య చిత్రకారుడు గాయ్‌తోండే 2001లో, రజా 2016లో పోయారు. రజా చిత్రాల హక్కులు 2076 చివరిదాకా ఉంటాయి. హక్కుదారుల అనుమతి లేకుండా 'బిందు'ను అచ్చువేసి అమ్మడం ఉల్లంఘనే. అనుమతి ఉందా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. రూ.4,000 కాన్వాస్‌కు ఆ జవాబు వస్తుందని నేననుకోను.

విదేశాల్లో గడువులు వేరు, యూరప్‌లో చాలా చోట్ల 70 ఏళ్ళు. అక్కడి దుకాణం నుంచి తెప్పించుకునేవారు అది గమనించాలి.

---

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్ననే రెండు దుకాణాలకూ ఫోను చేశాను. కాన్వాస్ వారు కాగితం, ఫైలు వంటి ప్రశ్నలకు "మేడమ్, మా దగ్గర అందరూ తీసుకుంటున్నారు" అన్నారు. వదిలేశాను. రెండో వారు మాత్రం ఓపిగ్గా విన్నారు. కాన్సన్ కాటన్ కాగితం, 310 గ్రాములు అన్నారు. కొలత సంగతి చెబితే, అడిగితే అసలు నిష్పత్తిలోనే వేస్తాం, చట్రం విడిగా చేయించాలి, ధర పెరుగుతుంది అన్నారు. వెనక వైపు ఫోటో అడిగితే కాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి పంపారు. హార్డ్‌బోర్డే ఉంది, టేపు కూడా మీరన్నదే.

మాకు సముద్రం తూర్పున. బాల్కనీ నుంచి ఉదయం తొమ్మిది దాకా ఆ గోడ కుడివైపు సగం మీద ఎండ పడుతుంది. గోడ మాత్రం లోపలి గోడే, చెమ్మ ఎక్కదు. మొత్తం మీద రూ.30,000 దాకా పెట్టగలం. ఒకటే పెద్దది పెట్టమంటారా, రెండు చిన్నవా? మావారు రజాను వదలడం లేదు.

---

పటాలబడి (హైదరాబాద్)

టీచరుగారూ, ఆ రెండో దుకాణంలో ప్రింటు మాత్రం వేయించుకోండి. చుట్టి గొట్టంలో పంపమనండి. పటం విశాఖలోనే, మీ కళ్ళ ముందు కట్టించండి. హార్డ్‌బోర్డు వాడేవారికి అంత మంచి కాగితం అప్పగించకూడదు.

తొమ్మిదడుగుల గోడకు ఒకటే పెద్దది పెట్టండి. బొమ్మ 48 అంగుళాల వెడల్పు వేయిస్తే ఎత్తు 33న్నర వస్తుంది. చుట్టూ మూడంగుళాల మౌంటు వదిలితే 54 బై 39న్నర. గోడలో సగం పడుతుంది, మిగిలిన సగం ఖాళీ ఉండాలి, ఆ బొమ్మకు గాలి కావాలి. మౌంట్ బోర్డు 40×60 అంగుళాల పెద్ద షీటు తెప్పించమనండి. చిన్న షీట్లు మూలల్లో అతికిస్తామంటే ఒప్పుకోకండి.

ఈ కొలతకు మూడు మిల్లీమీటర్ల అద్దమే పది కిలోలు తూగుతుంది. యాక్రిలిక్ అయిదు కిలోల లోపు. సోఫాలో కూర్చున్నవారి తలల మీద ఉండే పటం కాబట్టి యాక్రిలిక్ పెట్టించండి. అతినీలలోహిత కిరణాలను ఆపే రకం ఉంటుంది, అదే అడగండి. ఖరీదు ఎక్కువే, మీ డబ్బులో పెద్ద వాటా అటు పోతుంది, పోనివ్వండి. తుడవడానికి అమ్మోనియా ఉన్న గ్లాసు క్లీనర్ వాడొద్దు, మెత్తటి తడిబట్ట చాలు. అయినా ఉదయపుటెండకు బాల్కనీకి పలచటి తెర వేయక తప్పదు. ఏ యాక్రిలిక్ అయినా కంటికి కనిపించే వెలుతురును ఆపదు, రంగును అది కూడా తింటుంది. పటాన్ని గోడ నడుమ కాకుండా ఎండ పడని ఎడమవైపుకు జరిపినా నష్టం లేదు. కంపోజిషన్ 8లో బరువు ఎడమవైపే ఉంది కాబట్టి కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. సోఫా వీపుకు ఎనిమిది అంగుళాల పైన పటం అడుగు రావాలి. అంతకంటే పైకి పోతే బొమ్మ మీ గదికి చెందనట్టు ఉంటుంది.

ఆ చతురస్రాల బొమ్మ మీద మీకు నిజంగా మనసుంటే, అసలు కొలతలోనే, 24 బై 32 సెంటీమీటర్లు, కాస్త గరుకు కాటన్ కాగితం మీద వేయించండి. చుట్టూ వెడల్పాటి మౌంటు వదిలి, నడవలోనో మీరు చదువుకునే బల్ల పక్కనో పెట్టండి. అది దగ్గరికి వెళ్ళి చూసే బొమ్మ. ఒక గడిలో ఎరుపు చుట్టూ ఆకుపచ్చ ఎలా వణుకుతోందో పక్కనే నిలబడితే తెలుస్తుంది.

ఇక మీవారి రజా. ఆయన కోసం నేను ప్రింటు కొనమని చెప్పను. రజా బతికుండగానే ఆయన చిత్రాలను సెరిగ్రాఫ్‌లుగా, పరిమిత సంఖ్యలో, వేసి అమ్మారు. పట్టు తెరల గుండా ఒక్కో రంగునూ విడివిడిగా దింపే పద్ధతి అది. చదునైన ఎరుపు, నలుపు రజాకు ప్రాణం. తెర నుంచి దిగిన దళసరి రంగు దానికి సరిగ్గా కుదురుతుంది. కింద పెన్సిలుతో సంతకం, ఇన్నింటిలో ఇన్నోది అన్న సంఖ్య ఉంటాయి. ఇవి మీ బడ్జెట్‌కు చాలా పైన. పైగా కాగితాలు సరిగ్గా చూసి కొనాలి. 2009లో ఢిల్లీలో ఒక గ్యాలరీ పెట్టిన తన చిత్రాల ప్రదర్శనకు రజా స్వయంగా వెళ్ళి, గోడల మీదున్నవి చాలావరకు తనవి కావని చూసి నివ్వెరపోయారు. చిత్రకారుడి ఎదురుగానే అలా జరిగింది. గ్యాలరీ రసీదు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే కాగితాలు లేకుండా అడుగు వేయకండి.

రజా కోసం డబ్బు కూడబెట్టుకునేలోగా, మీవారికి మన తెలుగు ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డిని చూపించండి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో పనిచేసి, న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో పోయిన మనిషి. ఒకే లోహపు పలక మీద, ఒకే అచ్చులో అనేక రంగులు దించే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఆయన ఒకరు. పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన ఇంకును గట్టి రోలరుతో దొర్లిస్తే అది పై అంచులకే తగులుతుంది. తరువాత చిక్కటి ఇంకును మెత్తటి రోలరుతో దొర్లిస్తే అది లోతుల్లోకి దిగుతుంది, నూనె ఉన్నచోట మాత్రం అంటుకోదు. అలా రంగులు పక్కపక్కనే, కలవకుండా నిలుస్తాయి. 1963 నాటి 'వర్ల్‌పూల్' చూస్తే నీటి సుడిలో ఒక్కో గాటు నుంచీ వేరే రంగు లేస్తుంది. ఆ కాగితం మీద అచ్చయినదే అసలు చిత్రం, దాని వెనక వేరే మూలచిత్రం ఉండదు. నా వృత్తిలో ఉన్నవాడికి అంతకంటే గొప్ప పాఠం లేదు. మన జిల్లాల్లో చాలామందికి ఆయన పేరు తెలియకపోవడం నన్ను బాధిస్తుంది, అందుకే ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతుంటాను.

ప్రింటు వచ్చాక గొట్టంలోంచి తీసి, పైన బరువులు పెట్టకుండా, శుభ్రమైన తెల్ల బట్ట మీద ఒక రోజు పరిచి ఉంచండి. చేతి తడి తగలనివ్వకండి. నల్లటి భాగాల మీద వేలిముద్ర పడితే పోదు. పటం కట్టే ఆయనకు నేను రాసిన బోర్డు, పట్టీల సంగతి చూపించండి. ఆయనకు సందేహం ఉంటే ఇక్కడే అడగమనండి. చట్రం రంగు ఏదనుకుంటున్నారో, గోడ రంగు ఏదో రాస్తే బీడింగు ఎంత వెడల్పు ఉండాలో చెబుతాను.